మినుకుమను పసుపుదీపము

కారు నడుపుచుండగా స్టీరింగు వెనుకనున్న పలకమీద, రెండు వంకరగీతలపై నిలిచిన కారుబొమ్మ గల చిన్న పసుపుదీపమొకటి ఉన్నట్టుండి మినుకుమినుకుమని వెలిగి ఆరిపోయినచో, కారేమైన చెడినదా, ఇక్కడనే నిలిపివేయవలెనా, లేక ఇల్లు చేరువరకు సాగనీయవచ్చునా అను సందేహము ఎవరికైనను కలుగును. వాన వెలిసిన మరునాడే వర్క్‌షాపునకు పోయి, "నిన్న ఈ దీపము వెలిగినది, చూడుడు" అని కారును అప్పగించువారు కొందరు. దానిని లెక్కసేయక నెలల తరబడి అట్లే తిరుగువారు మరికొందరు. మొదటివారి కార్లలో పెక్కింటికి ఏ దోషమును ఉండదు. రెండవవారి కార్లలో కొన్నింటికి నిజముగనే ఉండును. ఆ దీపము దేనిని చూచి వెలుగునో, ఆ చూపు ఎంతవరకు నమ్మదగినదో తెలిసికొన్న యజమాని, పనిముట్టు చేతబట్టకయే సగము పరీక్ష తానే చేసికొనగలడు.

ఈ దీపమును గూర్చి నేర్చుకొనుటకు పుదుచ్చేరి తగిన పట్టణము. తూర్పున సముద్రము, దానినుండి రేయింబవళ్ళు వీచు ఉప్పుగాలి. ఒడ్డు పొడవునను ఇసుక. చెన్నపట్టణమునుండి సుమారు 150 కిలోమీటర్లు తీరము వెంబడి వచ్చు ఈస్ట్ కోస్ట్ రోడ్డుమీద వేగముగ పరుగెత్తు వాహనములు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు. 2024 నవంబరు 30వ తేదీన ఫెంగల్ తుపాను ఈ పట్టణము చెంతనే తీరము దాటి, ఒక్క దినములో 46 సెంటీమీటర్లకు మించిన వాన కురిపింపగా కృష్ణానగరు, రెయిన్‌బోనగరు వంటి పల్లపు పేటలు జలమయమైనవి. కారు చక్రమునకు ఎన్నివిధముల పట్టు తప్పవచ్చునో, ఆ సంగతి చెప్పవలసిన సాధనమునకు ఎన్నివిధముల చెరుపు కలుగవచ్చునో, అన్నిటికిని ఇచ్చట ఉదాహరణములు దొరకును.

నేలపై పట్టు

1200 కిలోల బరువుగల మామూలు కారు నాలుగు టైర్లపై నిలిచియుండగా ఒక్కొక్క టైరుపై సుమారు 300 కిలోలు పడును. టైరులోని గాలి ప్రతి చదరపు సెంటీమీటరునకు 2.2 కిలోల ఒత్తిడితో ఆ బరువును మోయుచున్నదనుకొని, 300ను 2.2చేత భాగించినచో, టైరు నేలను తాకు స్పర్శస్థలము ఇంచుమించు 136 చదరపు సెంటీమీటర్లని తేలును. అనగా మన అరచేతి వైశాల్యమునకు ఏ కొంచెమో హెచ్చు. ఇంజను ఎంత బలమైనదైనను, బ్రేకులు ఎంత కొత్తవైనను, కారు కదలుట, నిలుచుట, మలుపు తిరుగుట అను మూడు పనులును ఆ నాలుగు చిన్నచోటుల దొరకు పట్టుమీదనే జరుగవలెను.

ఆ పట్టునకు శాస్త్రమున ఘర్షణ యని పేరు. మీది బరువు పెరిగినకొలది ఘర్షణయు అదే నిష్పత్తిలో పెరుగునని 1699లో పారిసు శాస్త్రపరిషత్తునకు నివేదించినవాడు గియోమ్ అమొంతొన్ అను ఫ్రెంచి పండితుడు. డచ్చివారు ఆరేండ్లు ఏలిన పుదుచ్చేరిని ఫ్రెంచివారికి తిరిగి అప్పగించినదియు ఆ యేడే యగుట యాదృచ్ఛికమైనను, ఈ పట్టణపు వీధులలో చక్రముల గూర్చి తలపోయునప్పుడు స్మరణకు రాక మానదు. పిదప సైన్యమున ఇంజనీరుగ నుండిన షార్ల్ కూలోమ్, రోష్‌ఫోర్ నౌకాశ్రయమున చెక్కలను, లోహములను, త్రాళ్ళను బహువిధముల పరీక్షించి, నిలిచిన వస్తువును కదలించుటకు కావలసిన బలము కదలిన దానిని జారించుటకు కావలసిన బలము కంటె సామాన్యముగ హెచ్చని విశదీకరించెను. 1781లో పరిషత్తు ఆయన గ్రంథమునకు బహుమాన మొసగెను. రబ్బరు మెత్తనిదగుటచేత ఈ నియమములకు పూర్తిగ లోబడదు గాని, నేలను కరచిపట్టిన టైరునకు గల బలము నేలపై జారుచున్న టైరునకు ఉండదను మాట మాత్రము నిజము.

దీనిని కంటితో చూడగోరువారు పుదుచ్చేరి తీరమునగాని, మన నెల్లూరు, ప్రకాశము జిల్లాల తీరమునగాని, అలివి వల లాగువారి చెంత కొంతసేపు నిలువవలెను. సముద్రమున వంపుగ విడిచిన పెద్దవలకు రెండు కొసల త్రాళ్ళుండును. ఒక్కొక్క త్రాటిని ఒక్కొక్క జట్టు ఒడ్డున నిలిచి లాగును. లాగువాడు మడమను ఇసుకలో గ్రుచ్చి, ఒడలి బరువును వెనుకకు వాల్చి, బలమును మెల్లమెల్లగ పెంచును. ఇసుక ఓర్చునంతవరకు కాలు నిలుచును, త్రాడు వచ్చును. ఆతడు తొందరపడి ఒక్కపెట్టున లాగినచో మడమక్రింది ఇసుక తెగి కాలు జారును. జారిన కాలితో ఎంత వడిగ తన్నుకొన్నను ఇసుక చిమ్మునేగాని త్రాడు బెత్తెడైనను రాదు. అనుభవజ్ఞుడు అప్పుడు లాగుట తగ్గించి, కాలు కూడదీసికొని, మరల మొదలిడును. ఒక జట్టువారి కాళ్ళు జారుచున్నప్పుడు రెండవ జట్టువారు, తమ కాలిక్రింద నేల గట్టిగనే యున్నను, వల వంకరపోకుండుటకై తామును లాగుడు తగ్గింపవలసివచ్చును. ఈ రెండు విషయములను పాఠకులు మనసునందుంచుకొన్నచో కారులో జరుగునదంతయు సులభముగ బోధపడును.

యాక్సిలరేటరును ఒక్కసారి అదిమినచో ఇంజను చక్రమునకు ఇచ్చు త్రిప్పుబలము నేల ఓర్చుదానిని మించిపోయి, చక్రము ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగును. టైరు పనిచేయుటకు కొద్దిపాటి జారుపాటు అవసరమే. కారు వేగముకంటె చక్రపు అంచు వేగము నూటికి పది మొదలు ఇరువది పాళ్ళు హెచ్చుగ నున్నప్పుడు పట్టు అత్యధికముగ నుండును. ఆ మేర దాటినకొలది పట్టు తగ్గును. అంతకంటె ముఖ్యముగ, ప్రక్కలకు జారకుండ కారును నిలుపు పట్టు వేగముగ సన్నగిల్లును. గిఱ్ఱున తిరుగు ముందుచక్రములతో మలుపు తిరుగబోయినవాడు స్టీరింగు త్రిప్పినను కారు తిన్నగ పోవుటకు కారణమిదియే.

రెండవ జట్టు సంగతియు ఇట్టిదే. మలుపులో లోపలి చక్రము తక్కువదూరము, వెలుపలి చక్రము ఎక్కువదూరము పోవలసియుండుటచేత రెండు చక్రముల నడుమ డిఫరెన్షియల్ అను వేగభేదక యంత్రము నమర్తురు. అది రెండు చక్రములకును వేర్వేరు వేగముల నిచ్చును గాని త్రిప్పుబలమును మాత్రము సమానముగనే పంచును. తత్ఫలితముగ ఎడమచక్రము రోడ్డంచున బురదలో నిలిచి ఊరక తిరుగుచున్నచో, గట్టి తారుమీద నున్న కుడిచక్రమునకును ఆ బురదచక్రము ఓర్చుకొన్నంత అల్పబలమే అందును.

నాలుగు అంకెలు

ఈ దురవస్థను సవరించుటకై పుట్టిన ఉపాయమే ట్రాక్షన్ కంట్రోల్. దీనిని మనము పట్టు నియంత్రణ యందము. ప్రతి చక్రపు హబ్బువద్ద పండ్లుగల ఉక్కువలయమొకటి చక్రముతోపాటు తిరుగును. కొత్త కార్లలో పండ్లకు మారుగ, బేరింగు అంచున ఉత్తర దక్షిణ ధ్రువములు ఒకదాని ప్రక్కన నొకటి వచ్చునట్లు చేసిన అయస్కాంతపు పట్టీ యుండును. దానికెదురుగ, మిల్లీమీటరుకు అటునిటుగ ఎడములో, చిటికెనవ్రేలంత సెన్సారు కదలక నిలిచి, తనముందు ఒక్కొక్క పన్ను పోయినప్పుడెల్ల ఒక్కొక్క విద్యుత్ సంకేతమును పంపును. 185/65 ఆర్15 అను కొలత గల టైరు చుట్టు సుమారు 195 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున అట్టి చక్రము సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు తిరుగును. వలయమునకు 48 పండ్లున్నచో సెకనుకు సుమారు 410 సంకేతములు వచ్చును. నాలుగు చక్రములనుండి వచ్చు ఈ లెక్కలను కారులోని చిన్న కంప్యూటరు అనుక్షణము సరిపోల్చుచుండును.

మన దేశమున తిరుగు చిన్నకార్లలో చాలవరకు ఇంజను బలము ముందుచక్రములకే అందును. వెనుకచక్రములు ఊరక దొర్లును గనుక అవి కారు నిజవేగమును తెలుపును. వెనుకచక్రములు 20 కిలోమీటర్ల వేగమని చెప్పుచుండగా ముందుచక్రమొకటి 35 అనినచో, ఆ చక్రము జారుచున్నదని కంప్యూటరు నిశ్చయించును. అప్పుడది రెండు పనులు చేయును. ఇంజను బలమును తగ్గించుట మొదటిది. అలివి వల లాగు అనుభవజ్ఞుడు చేయుపని అదియే. జారుచున్న ఆ యొక్క చక్రమునకు మాత్రము బ్రేకు వేయుట రెండవది. ఆ బ్రేకు ఒరిపిడిని దాటుటకై డిఫరెన్షియల్ ఎక్కువ త్రిప్పుబలము నీయవలసి వచ్చును. సమానముగ పంచుట దాని స్వభావము గనుక గట్టినేలమీది చక్రమునకును అంతబలము అందును, కారు కదలును. జారుచక్రమును అడ్డగించుటచే జారని చక్రమునకు బలము చేకూర్చుట నిజముగ ప్రశంసింపదగిన యుక్తి. ఈ రెండు పనులు జరుగుచున్నంతసేపు దీపము మినుకుమనును. ఇంజను గొంతు తగ్గినట్లుండును, ముందువైపునుండి గరగరమను చప్పుడు వినవచ్చును.

ఈ తెలివి ఒక్కనాట వచ్చినది గాదు. 1971లో అమెరికాలో బ్యూయిక్ కార్లకు మాక్స్‌ట్రాక్ అను పేర, చక్రము జారినప్పుడు ఇంజను నిప్పురవ్వను ఆపు ఏర్పాటొకటి వచ్చెను. 1978లో జర్మనీయందు బాష్ సంస్థవారి ఏబీఎస్, అనగా బ్రేకు వేసినప్పుడు చక్రము బిగుసుకొనకుండ కాపాడు సాధనము, మెర్సిడెస్ కారులో వచ్చినపిదప ఆ సెన్సారులే పట్టు నియంత్రణకును ఆధారమైనవి. కారు ప్రక్కకు తిరిగిపోకుండ కాపాడు ఈఎస్‌పీ 1995లో వచ్చెను. 1997లో స్వీడనునందు, దారికడ్డువచ్చిన దుప్పిని తప్పించుకొనుటను అనుకరించు పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు బోల్తాపడినపిమ్మట దాని విలువ లోకమునకు తెలిసినది. మన దేశమున 2018 ఏప్రిలునుండి కొత్తగ వచ్చు కారు రకములకు, 2019 ఏప్రిలునుండి అన్ని కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి యైనది. కనుక చక్రవేగమును చూచు సెన్సారులు నేడు చవక కార్లలో సైతము కలవు.

ఈ అధ్యాయమున నేను గట్టిగ చెప్పదలచినది ఒకటి కలదు. ఆ కంప్యూటరునకు నేల కనబడదు. క్రిందనున్నది తారో, బురదయో, ఇసుకయో అది ఎరుగదు. అది ఎరిగినవి ముఖ్యముగ నాలుగు అంకెలు, వానినిబట్టియే నేలను ఊహించును. కావున దీపము మినుకుమన్నప్పుడు రెండే అవకాశములు కలవు: నేల నిజముగ జారుడుగ నుండవలెను, లేదా నాలుగు అంకెలలో ఒకటి అబద్ధమై యుండవలెను. పరీక్ష యంతయు ఈ రెండింటిలో ఏది యని తేల్చుటయే.

మినుకుటయు, నిలిచి వెలుగుటయు

మొదట నేలను చూడవలెను. చిరకాలము ఎండిన రోడ్డుమీద తొలివాన కురిసిన అరగంటలో, అంతకాలము పేరుకొన్న నూనెయు దుమ్మును నీటితో కలిసి పలుచని జిడ్డుపొరగా ఏర్పడును. గట్టివాన కొంతసేపు కురిసి దానిని కడిగివేయువరకు ఆ రోడ్డు మిక్కిలి ప్రమాదకరము. రోడ్డుమీది తెల్లరంగు చారలు, ఇనుప మూతలు, రైలుపట్టాలు తడిసినప్పుడు తారుకంటె చాల జారును. స్పీడ్‌బ్రేకరును వేగముగ దాటునప్పుడు చక్రము క్షణకాలము నేలమీద తేలికయై, అప్పుడే యాక్సిలరేటరు అదిమినచో గిఱ్ఱున తిరుగును. ఈస్ట్ కోస్ట్ రోడ్డుమీద నీరు నిలిచినచోట 80 కిలోమీటర్లు దాటిన వేగముతో పోయినచో, టైరుచాళ్ళు నీటిని ప్రక్కలకు నెట్టజాలక టైరు నీటిపై తేలును; చాళ్ళరిగిన టైరైనచో అంతకు తక్కువ వేగమునకే తేలును. ఇట్టి తావులలో దీపము నాలుగుసారులు మినుకుమని ఆరిపోవుట ఆరోగ్యలక్షణము. అప్పుడు చేయవలసినది యాక్సిలరేటరుమీది కాలిని మెల్లగ తేలిక చేయుట. స్టీరింగును కుదుపక తిన్నగ పట్టుట. నీటిమీద తేలుచున్నప్పుడు బ్రేకును గట్టిగ తొక్కకుండుట. క్రూజ్ కంట్రోల్ పెట్టుకొని వానలో పోవువారు దానిని తీసివేయవలెను.

దీపము మినుకుమనక నిలిచి వెలుగుచున్నచో సంగతి వేరు. దానిక్రింద "ఆఫ్" అను అక్షరములున్నచో, ఎవరో మీటను నొక్కి పట్టు నియంత్రణను నిలిపివేసినారని భావము. చేతిసంచి తగిలియో, ప్రక్కసీటులోని పిల్లవాడు నొక్కియో ఇది తరచు జరుగును. మరల నొక్కినచోగాని, కారును ఆపి తిరిగి స్టార్టు చేసినచోగాని సరియగును. అక్షరములు లేకుండ నిలిచి వెలుగుచు, దానితోపాటు ఏబీఎస్ దీపమును వెలిగినచో, కంప్యూటరు తనకు వచ్చు అంకెలలో ఒకదానిని అబద్ధమని కనిపెట్టి, ఇక ఆ లెక్కతో పనిచేయనని తప్పుకొన్నదని గ్రహింపవలెను. ఇంజను బొమ్మగల దీపము తోడుగ వెలిగినచో ముందు ఇంజనును చూపవలెను. ఇంజను బలమును సరిగ తగ్గింపజాలని స్థితిలో కంప్యూటరు పట్టు నియంత్రణనుగూడ మానుకొనును.

అబద్ధమాడు చక్రము

ఎండిన తిన్నని రోడ్డుమీద, యాక్సిలరేటరుపై కాలు నిలకడగ నున్నప్పుడు దీపము మినుకుమనుటయు, ఇంజను అకారణముగ వెనుకాడుటయు జరిగినచో, ఏదో ఒక చక్రము అబద్ధము చెప్పుచున్నది. విచిత్రమేమనగా ఒకని అబద్ధమునకు శిక్ష ఇంకొకనికి పడును. వెనుకచక్రపు సెన్సారు పాడై, నిజముగ 40 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నదానిని 25 అని చెప్పినచో, ముందుచక్రములు జారుచున్నవని కంప్యూటరు భ్రమించి, ఏ పాపమెరుగని ముందుచక్రములకు బ్రేకు వేయును. అందుచేత "ముందువైపున గరగరమను చప్పుడు వచ్చినది గనుక దోషము ముందే యున్నది" అనుకొనుట తగదు.

అన్నిటికంటె ముందు చూడవలసినవి టైర్లు; దీనికి ఖర్చును లేదు. కారు చల్లగనున్నప్పుడు నాలుగింటికిని గాలి కొట్టించి, డ్రైవరు తలుపు స్తంభముమీద అచ్చొత్తిన కొలతకు సరిచేయవలెను. గాలి తగ్గిన టైరు క్రుంగి, దాని పొర్లుచుట్టు కొంచెము తగ్గును. అదే దూరమునకు అది మరికొన్ని చుట్లు ఎక్కువ తిరుగును. కొన్ని కార్లు గాలి తగ్గిన టైరును ప్రత్యేక సాధనమేమియు లేకుండ ఈ లెక్కతోడనే కనిపెట్టుటయు కలదు. అరుగుదలయు ఇట్టిదే. కొత్తటైరు చాలు సుమారు 8 మిల్లీమీటర్ల లోతుండును. 2 మిల్లీమీటర్లకు అరిగిన టైరు వ్యాసము 12 మిల్లీమీటర్లు తగ్గి, 62 సెంటీమీటర్లలో నూటికి రెండు పాళ్ళు చిన్నదగును. ఇంతమాత్రపు తేడాను కంప్యూటరు సాధారణముగ ఓర్చుకొనును. కాని అరిగిన టైరులో గాలియు తగ్గి, దాని జతగా వేరుకొలత టైరు వేసి, లేదా చిన్నసైజు స్టెప్నీతో దూరప్రయాణము చేసినచో తేడాలన్నియు కూడి ఓర్పుమేరను దాటును. ఒకే ఇరుసుమీది రెండు టైర్లును ఒకే కొలతవి, ఒకే రకమువి, ఇంచుమించు ఒకే వయసువి యగుట మేలు. చాళ్ళ నడుమ అడ్డముగ కనబడు చిన్న గట్లు టైరుపైభాగముతో సమానమైనచో చాలు లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదని అర్థము. చట్టప్రకారము ఆ టైరు పని ముగిసినది. అట్టి టైర్లతో వానలో దీపము మాటిమాటికి మినుకుమన్నచో అది అబద్ధమును గాదు, కారుదోషమును గాదు. టైర్లు మార్చుటయే మందు.

టైర్లు సరియైనవని తేలినపిదప సెన్సారును, దాని తీగను చూడవలెను. ఇచ్చట యజమాని జ్ఞాపకశక్తి మెకానిక్ పనిముట్లకంటె విలువైనది. ఎడమకు త్రిప్పినప్పుడు మాత్రమే దీపము వెలుగునా? ముందుచక్రమువద్ద వంగుచు సాగుచునుండు తీగ లోపల తెగి, ఒకవైపు వంగినప్పుడు మాత్రము విడిపోవుచున్నదేమో చూడవలెను. బ్రేకుపాడ్లుగాని, బేరింగుగాని మార్పించిన మరునాటినుండి మొదలైనదా? తీగను దాని క్లిప్పులో మరల బిగింపక వదలియుండవచ్చును. అయస్కాంతపు పట్టీ గల బేరింగును త్రిప్పి బిగించినచో పట్టీ సెన్సారునకు ఎదురుగ లేక సంకేతమే రాదు. అలైన్‌మెంటు చేయించిన తరువాత మలుపులలో వెలుగునా? స్టీరింగు ఎంత తిరిగినదో చెప్పు సెన్సారుకు సున్న ఎక్కడనో మరల నేర్పవలసియుండును. కారును వారములకొలది కదల్చక, ఒకనాడు స్టార్టు చేయగనే నాలుగైదు దీపములు ఒక్కమారే వెలిగి, కొంతదూరము పోయిన పిమ్మట ఆరిపోయినవా? అది బ్యాటరీ నీరసము. సెన్సారులను మార్చి డబ్బు వ్యర్థము చేయరాదు.

మెకానిక్ వద్ద స్కానరుండును. అందులో నిలువయున్న దోషసంఖ్యను చదివి అంతటితో ఆగక, నడుచుచున్న కారులో నాలుగు చక్రముల వేగములను ఒక్కమారు తెరమీద చూపుమని అడుగవలెను. తిన్నని రోడ్డుమీద 30 కిలోమీటర్ల వేగమున మూడు అంకెలు కలసి నడచుచు, నాలుగవది తడబడుచున్నచో, లేదా మాటిమాటికి సున్నకు పడిపోవుచున్నచో దోషి దొరికినట్లే. దోషసంఖ్య ఒక సెన్సారు పేరు చెప్పినంతమాత్రమున సెన్సారే చెడినదని నమ్మరాదని నా దృఢాభిప్రాయము. తీగ, ప్లగ్గు, పండ్లవలయము, బేరింగు, వీనిలో ఏది చెడినను కంప్యూటరు ఆ సెన్సారు పేరునే చెప్పును. కొత్త సెన్సారు కొనుటకు ముందు పాతదానిని ఊడదీసి తుడిచి చూచుట ధర్మము. బ్రేకులనుండి రాలు ఇనుపరజను అయస్కాంతపు సెన్సారు మొనకు మీసమువలె అంటుకొని సంకేతమును కప్పివేయుట తరచు జరుగును.

ఉప్పుగాలి పని

సముద్రతీరపు కార్లకు విశేషముగ వచ్చు దోషమొకటి కలదు. సాయంకాలము గూబేర్ అవెన్యూను వాహనములకు మూసి నడచువారికి విడిచిపెట్టుదురు గాని, దాని వెనుకనున్న వీధులలో రాత్రింబవళ్ళు నిలిపియుంచు కార్లమీద అలల తుంపరలోని ఉప్పు కంటికి కనబడక పేరుకొనుచునేయుండును. ఉప్పు గాలిలోని చెమ్మను పట్టి నిలుపును. ఉప్పుతడి ఇనుమును త్వరగ తుప్పుపట్టించును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువచోటు నాక్రమించును. సెన్సారును బిగించిన పోత ఇనుపభాగము తుప్పుపట్టగా, ఆ తుప్పు పొరలుపొరలుగ ఉబ్బి, సెన్సారును కొంచెము కొంచెముగ వెలుపలికి నెట్టును. మిల్లీమీటరు ఎడములో నుండవలసినది రెండు మిల్లీమీటర్ల దూరమునకు పోవును. పాతరకపు సెన్సారు, పండ్లు వేగముగ కదలినకొలది బలమైన సంకేతమునిచ్చునది గనుక, వేగముగ పోవునప్పుడు ఎట్లో నెట్టుకొనివచ్చును. కారు మెల్లగ నడచునప్పుడు మూగబోవును. అందుచేతనే సిగ్నలువద్ద పది కిలోమీటర్లకు తగ్గిన వేగమున కారు నిలుచుచుండగా బ్రేకు పెడలు అకారణముగ గరగరమనుటయు, కదలునప్పుడు పట్టుదీపము మినుకుమనుటయు జరుగును. ఈ లక్షణము కనబడిన కారునందు సెన్సారును మార్చుటకంటె, దానిని ఊడదీసి, అది కూర్చుండు తావును తుప్పు లేకుండ గీకి, శుభ్రముచేసి బిగించుట చికిత్స. తుప్పుచే పండ్లవలయమే చిట్లినచో ఒక్కొక్క చుట్టునకు ఒక్కమారు లెక్క తప్పును. అప్పుడు వలయమునే మార్చవలెను. నెలకొకసారియైనను కారు అడుగుభాగమును, చక్రముల లోపలివైపును మంచినీటితో కడిగించినచో ఈ దోషము చాలకాలము దరిచేరదు.

వరదనీట నిలిచిన కారు మాట ఇంతకంటె తీవ్రము. చక్రపు హబ్బు మునిగినచో సెన్సారు ప్లగ్గులలోనికి నీరు చేరును; నీరు దిగిన వెంటనే ఏమియు కనబడకపోవచ్చును, వారములు గడచినపిమ్మట ప్లగ్గులోని రాగిమొనలు పచ్చబడి దీపములు వెలుగనారంభించును. తుపాను వెలిసిన వెనుక ఆ ప్లగ్గులను విప్పించి, ఆరబెట్టించి, మొనలను శుభ్రపరపించుట ముందుజాగ్రత్త. సీట్ల వరకు నీరెక్కిన కారును అసలు స్టార్టు చేయక, వర్క్‌షాపునకు లాగించుకొనిపోవలెను.

ఇసుకలో దిగబడినప్పుడు

పట్టు నియంత్రణను స్వయముగ నిలుపుటకు మీట ఎందుకిచ్చిరని అడుగువారికి సముద్రపుటొడ్డే సమాధానము. సరుగుడుతోపుల నడుమ ఒడ్డునకు పోవు ఇసుకబాటలో కారు దిగబడినప్పుడు, రెండు చక్రములును కొంత జారుచునే ఇసుకను తవ్వి ముందుకు పోవలసియుండును. కంప్యూటరేమో జారుపాటును చూడగనే ఇంజను గొంతు నొక్కును, కారు ఉన్నచోటనే చచ్చుపడును. అప్పుడు మీట నొక్కి నియంత్రణ నాపి, స్టీరింగును తిన్నగనుంచి, రెండవ గేరులో మెల్లగ బలము పెంచి చూడవచ్చును. చక్రము ఊరక తిరిగి గుంట చేయుచున్నచో వెంటనే మానవలెను. టైర్లలో గాలి కొంత తగ్గించినచో స్పర్శస్థలము పెరిగి ఇసుకమీద తేలిక కలుగును; గట్టిరోడ్డు ఎక్కగనే మరల గాలి నింపవలెను, మీటను మరల నొక్కవలెను.

నడుపవచ్చునా?

పసుపుదీపము ఒక్కటే నిలిచి వెలుగుచున్నను, ఏబీఎస్ దీపముతో కలిసి వెలుగుచున్నను, మామూలు బ్రేకులు మామూలుగనే పనిచేయును. కంప్యూటరు సాయము మాత్రము లేదు; బ్రేకును గట్టిగ తొక్కినచో చక్రములు బిగుసుకొని జారవచ్చును. కావున ముందుకారునకు ఎక్కువ ఎడమిచ్చి, వానలో వేగము తగ్గించి, ఆ వారములోనే మరమ్మతు చేయించుకొనవచ్చును. అయితే ఈ పసుపుదీపములతోపాటు బ్రేకు గుర్తుగల ఎఱ్ఱదీపముగూడ వెలిగినచో, మొదట హ్యాండ్‌బ్రేకు పూర్తిగ దించియున్నదో లేదో చూడవలెను. దించియున్నను ఆ దీపము ఆరనిచో, బ్రేకు ద్రవము తగ్గియుండవచ్చును. లేదా ముందు వెనుక చక్రములకు బ్రేకుబలమును పంచు ఏర్పాటే పనిమానియుండవచ్చును. అట్టి స్థితిలో గట్టిగ బ్రేకు వేసినచో వెనుకచక్రములు ముందుగ బిగిసి కారు అడ్డము తిరుగును. ఆ కారును ఇల్లు రెండు వీధుల దూరముననే యున్నను నడుపరాదు. రోడ్డుప్రక్క నిలిపి, బానెట్టు తెరచి ద్రవపు డబ్బాలోని మట్టమును చూచి, మెకానిక్‌ను అచ్చటికే పిలిపింపవలెను.